కాటా మీద పెట్టని పళ్ళెం

తారాబాయి ఎనిమిది కిలోలు తగ్గాలి. తగ్గితేనే ఆమె కిడ్నీ ఒకటి తీసి కూతురు శీతల్‌కు పెడతారు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఈ సంగతిని మరాఠీలో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాడు. మొదటిసారికే ఆమెకు అర్థమైంది. ఇంత బరువున్న మనిషిని కోస్తే కుట్టు తొందరగా మానదట, మత్తు ఇవ్వడం కూడా కష్టమట. వేసవిలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చూస్తామని, అప్పటికీ తగ్గకపోతే పరీక్షలు ముందుకు సాగవని అన్నాడు. కొడుకు ప్రథమేశ్ రక్తం చెల్లెలి రక్తంతో కలవలేదు. అల్లుడు నరేష్‌కు షుగరు. ఇక మిగిలింది తల్లి. తల్లి బరువు ఎనభై రెండు.

తారాబాయి కామాటిపురాలోనే పుట్టింది. ఆమె తాత రాళ్ళు మోయడానికి తెలుగు నేల నుంచి ఈ ఊరొచ్చాడు, తండ్రి గోడలు కట్టాడు, మొగుడు శివరాం గోడలకు రంగులు వేశాడు. పెళ్ళయ్యాక అత్తింటికి నడిచే వచ్చింది; మధ్యలో ఉన్నవి రెండు గల్లీలు. మునిసిపాలిటీ తెలుగు బడిలో నాలుగు దాకా చదివింది. చాల్‌లో మూడో అంతస్తు, పొడవాటి గ్యాలరీ వెంట ఉన్న గదుల్లో ఒకటే గది, గది మూలన పొయ్యి. ఆ పొయ్యి మీదే శివరాం కింద పనిచేసే రంగులవాళ్ళకందరికీ వండి పంపేది. బియ్యం ఎన్ని పొయ్యాలో ఆమె చేతికి తెలిసేది. నోటితో చెప్పమంటే చెప్పలేకపోయేది.

శివరాం పోయి ఇంకా ఏడాది కాలేదు. దీపావళికి ముందు, రంగుల పనికి గిరాకీ ఉండే రోజుల్లో, పరంజా దిగి ఛాతీ పట్టేసిందన్నాడు. నీళ్ళడిగాడు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నీళ్ళు తెచ్చేసరికి మనిషి లేడు. తారాబాయి ఏడుస్తుంటే చూశామని చాల్‌లో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఆమె పొద్దున్నే లేచి నీళ్ళు పట్టుకుంది, వండింది, తోమింది. అంతకుముందు చేసినట్టే చేసింది.

పదకొండో రోజున పక్క గది గంగాబాయి వచ్చి కూర్చుంది. చాల్‌లో అందరికంటే పెద్దది ఆమే. పుట్టినప్పుడేం చెయ్యాలి, పోయినప్పుడేం చెయ్యాలి అని అందరూ ఆమెనే అడుగుతారు.

"ఏడాది తిరిగేదాంక పగటి పూట నువ్వు తినే ముందు శివరాం పాలు అన్నం తీసి పెట్టు తారా. కాకికి వెయ్యి. మురికి గటారుల మాత్రం పారెయ్యకు."

తారాబాయి అలాగే చేసింది. మధ్యాహ్నం ఫోటో ముందు ఒక పళ్ళెం పెట్టేది. అన్నం, పప్పు, జొన్నరొట్టె, ఆ రోజు కూర. కాసేపయ్యాక గ్యాలరీ అంచున కఠడా గోడ మీద పెడితే కాకి వచ్చి తినిపోయేది. ఇది నెలరోజులు సాగిందో లేదో, పావురాల రెట్టతో గంగాబాయికే దగ్గు పట్టుకుంది. చాల్ వాళ్ళంతా కలిసి గ్యాలరీ పొడవునా పక్షులు దూరకుండా జాలీ కట్టించారు. పావురాలు రావడం మానాయి. కాకి కూడా మానింది. జాలీ బయట తీగ మీద వాలి, పళ్ళెం వైపు తల వంచి చూసి, ఎగిరిపోయేది.

ఆ పళ్ళెం ఏం చెయ్యాలో తారాబాయికి తోచలేదు. ఒకరోజు తానే తినేసింది. మరునాడూ తింది. తర్వాత అదే పద్ధతైంది. తన అన్నం తాను తిని, చెయ్యి కడుక్కుని, ఫోటో ముందు కొంతసేపు కూర్చుని, ఆయన పళ్ళెం దగ్గరకు లాక్కునేది. ఎవరికీ తెలియకుండా తినాలని ఆమె అనుకోలేదు. ఆ వేళకు ఇంట్లో ఎవరూ ఉండరు, అంతే. రెండుసార్లు తింటున్నానన్న ఊహ కూడా ఆమెకు రాలేదు. తన తిండి తనది, ఆయన తిండి ఆయనది.

తగ్గాలని డాక్టరు చెప్పిన రోజు సాయంత్రమే కోడలు సపన ఒక చిన్న కాటా కొనుక్కొచ్చింది. సపన జవేరీ బజార్‌లో నగల దుకాణంలో పనిచేస్తుంది. గ్రాములో పదో వంతు తేడా వస్తే సేఠ్ మొహం ఎలా మారుతుందో ఆమెకు తెలుసు. కాటాను పొయ్యి గట్టు మీద పెట్టి అత్తను పిలిచింది.

"ముందు ఖాలీ గిన్నె పెట్టు అత్తా. గిప్పుడు గీ బటన్ ఒత్తు. సున్నా అయిందా?"

"అయింది. గిన్నె బరువు ఏడికి పోయింది?"

"గిన్నె ఆడనే ఉన్నది. లెక్కల లేదు."

తారాబాయి గిన్నెను ఎత్తి చూసి మళ్ళీ పెట్టింది.

తర్వాత నూనె సీసా. సపన దాన్ని కాటా మీద పెట్టి సున్నా చేసి, "రోజూ ఎట్ల పోస్తవో అట్లనే పొయ్యి" అంది. తారాబాయి పప్పు తాలింపుకు పోసి సీసాను మళ్ళీ కాటా మీద పెట్టింది. అంకె ముందు చిన్న గీత వచ్చింది.

"మైనస్ ఇరవై రెండు. సీసాల ఎంత తగ్గిందో గిన్నెల అంత పడ్డట్టు. రెండు వందల క్యాలరీలు అత్తా, బరాబర్."

"పప్పు ఇంక వెయ్యనే లేదు కదనే."

"గందుకే అంటున్న."

మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్న ప్రథమేశ్ నవ్వాడు. "మమ్మీ, నీ పప్పుల పప్పు ఉట్టిగనే వేస్తున్నవు. నూనెనే అసలు."

రోజుకు పదమూడు వందల క్యాలరీలు దాటొద్దని ఆసుపత్రిలో తిండి సంగతులు చూసే అమ్మాయి కాగితం మీద రాసిచ్చింది. సపన పొద్దున పనికి పోయే ముందు అత్తతో కలిసి వండేది. ఖాళీ గిన్నెల బరువులను వాటి పిడుల మీద గోళ్ళ రంగుతో రాసిపెట్టింది. వండడం అయ్యాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేసేది. గిన్నెలో వేసిన పప్పెంత, నూనెంత, ఉల్లిగడ్డెంత అని ఫోన్‌లో కొట్టి మొత్తం తేల్చేది. మధ్యాహ్నం తారాబాయి తన పళ్ళెంలో పెట్టుకున్నంత తూచుకుని గుర్తు పెట్టుకోవాలి. సాయంత్రం సపనకు చెప్పాలి.

మొదట్లో ఒక పొరపాటు జరిగింది. కాగితంలో మధ్యాహ్నానికి అన్నం నూటయాభై గ్రాములు అని ఉంది. లోకల్ రైళ్ళు సరిగా నడవక సపన తొందరగా వెళ్ళిన ఒక వారం తారాబాయే వండింది. నూటయాభై గ్రాముల బియ్యం తూచి, వండి, అదంతా తన పాలే అనుకుని తిన్నది. వారం చివర సపన చూసింది.

"గిది బియ్యం అత్తా. రాసింది అన్నం."

"బియ్యమే కద అన్నమయ్యేది."

"నీళ్ళు తాగి మూడంతలు అయితది. నువ్వు ముగ్గురిది తిన్నవు."

"గందుకే నిద్ర మంచిగ వచ్చింది" అంది తారాబాయి. మరునాటి నుంచి ఉడికిన అన్నమే తూచింది. రొట్టెకైతే పిండి తూచడం సులువని, కాల్చిన రొట్టె ఎండినకొద్దీ బరువు మారుతుందని, నీళ్ళకు లెక్క లేదని అన్నీ నేర్చుకుంది. ఒక పద్ధతి చెబితే దాన్ని తప్పకుండా చేసే మనిషి. చాయ్‌లో చక్కెర మానేసింది. పక్క గదుల నుంచి గిన్నెలో కూర వస్తే గిన్నె ఖాళీ చేసి, కడిగి, అందులో రెండు అరటిపళ్ళు పెట్టి తిప్పి పంపేది. కూర ప్రథమేశ్ తినేవాడు.

సాయంత్రం సపన మిగిలిన అన్నం గిన్నెను మళ్ళీ తూచేది. మొదటి రోజే తేడా వచ్చింది.

"నువ్వు చెప్పినదానికంటె రెండు వందల గ్రాములు ఎక్కువ పోయింది. ఎవరన్న వచ్చిన్రా?"

"మీ మామకు తీసి పెట్టిన."

"ఆఁ, అవు." సపన మామ పళ్ళెం సంగతి ఎరుగును. జాలీ కట్టకముందు ఒకటి రెండు ఆదివారాలు ఇంట్లో ఉన్నప్పుడు చూసింది. అది కాకికే పోతుందని ఆమె నమ్మకం. రోజూ అంత తీసేసి లెక్క చూసుకుంది. లెక్క సరిపోయేది. దుకాణంలో సాయంత్రం ట్రే లెక్క సరిపోయినట్టే సరిపోయేది.

వేసవిలో ఆసుపత్రికి వెళ్ళారు. కిలోన్నర తగ్గింది. తిండి సంగతులు చూసే అమ్మాయి సపన ఫోన్‌లో అంకెలన్నీ చూసి, తారాబాయి మొహం చూసింది. చిన్న పిల్ల, మంచిగానే అడిగింది.

"ఆజీ, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఏమైనా తింటున్నారా? చెప్పండి, ఏం అనను."

"నేను దొంగతిండి తిననమ్మా."

"మరి ఇన్ని తక్కువ క్యాలరీలకు ఇంకా తగ్గాలి కదా."

తారాబాయి చీర కొంగు సర్దుకుంది. ఆమె అబద్ధమాడలేదు. ఇంటికి వస్తూ టాక్సీలో సపన కాటాలో బ్యాటరీ మార్చి చూడాలని అంది. మార్చింది కూడా. పది రూపాయల బిళ్ళలు పెట్టి తూచి చూసింది. కాటాలో తప్పు లేదు.

ఆ తర్వాతి వారం సపనకు జ్వరం వచ్చింది. పనికి వెళ్ళకుండా గోడ వైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం తారాబాయి ఆయన పళ్ళెం తీసి ఫోటో ముందు పెట్టింది. తన అన్నం కాటా మీద తూచుకుని తిన్నది. చెయ్యి కడుక్కుంది. కొంతసేపు కూర్చుంది. తర్వాత ఆ పళ్ళెం దగ్గరకు లాక్కుని, పప్పు కలుపుకుని తినసాగింది. సగం అయ్యాక చూస్తే సపన మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"అత్తా, గది ఎవరి అన్నం?"

"మీ మామది."

"మామది నువ్వు తింటున్నవు."

"కాకి వస్తలేదు. జాలీ కొట్టిన్రు కద."

"ఎన్ని రోజుల సంది?"

"జాలీ కొట్టిన సంది."

 సపన నుదుటి మీద తడిగుడ్డ తీసి పక్కన పెట్టింది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన కద. మామకు తీసి పెట్టిన అని రోజూ చెప్తనే ఉన్న."

"తిన్నది నువ్వు కద అత్తా. ఏ పేరు మీద తిన్నా కడుపు నీదే కద."

తారాబాయి చెయ్యి పళ్ళెంలోనే ఉంది.

"రేపటి సంది దాన్ని కూడ కాటా మీద పెట్టు. నీ దాంట్లకెల్లి తగ్గిద్దాం. లేకుంటె తినకు."

"చచ్చిపోయిన మనిషి తిండి తూస్తవా?" అంది తారాబాయి. గొంతు పెద్దది చెయ్యలేదు. "బతికున్నప్పుడు ఆయన పళ్ళెంల ఎంత ఏసినానని ఎవరు అడగలే. ఇప్పుడు గ్రాములు చూసి పెడుదునా?"

సపన మళ్ళీ పడుకుంది. తారాబాయి మిగిలింది తిని, పళ్ళెం కడిగి, బోర్లించింది.

ఆ సంగతి ఇంట్లో ఇంకెవరూ ఎత్తలేదు. సపన ప్రథమేశ్‌కు చెప్పిందో లేదో తెలియదు. పొద్దున ఇద్దరూ కలిసి వండారు, తూచారు, ఉప్పు ఎక్కువ తక్కువల గురించి మాత్రం మాట్లాడుకున్నారు. మధ్యాహ్నం తారాబాయి ఆయన పళ్ళెం తీసింది, తిన్నది. ముద్ద ముద్దకూ ఇప్పుడు సపన మాట అడ్డం పడింది. అయినా తిన్నది, పారెయ్యకూడదు కాబట్టి.

శనివారం శీతల్ వచ్చింది. ధారావిలో ఉంటుంది, డయాలసిస్ అయిన మర్నాడు కాస్త తేలిగ్గా ఉంటే తల్లిని చూడ్డానికి వస్తుంది. మూడంతస్తులు ఎక్కేసరికి గ్యాలరీలో స్టూలు మీద కూలబడింది. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమచేతి మీద నరం తాడులా లేచి ఉంది. ఎండాకాలం, మనిషి పెదాలు తెల్లగా ఎండి ఉన్నాయి. తారాబాయి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చింది.

శీతల్ సంచిలోంచి చిన్న ప్లాస్టిక్ సీసా తీసింది. రోజుకు ఇన్నే తాగాలని డాక్టర్లు చెప్పిన నీళ్ళకు దాని మీద గీతలు గీసి ఉన్నాయి.

"వద్దమ్మా. పొద్దుట సంది గిక్కడికొచ్చిన. సాయంత్రం దాంక గిక్కడ ఆపాలె." రెండు గీతల మీద వేలు పెట్టి చూపించింది. "చాయ్ తాగినా, దోసకాయ తిన్నా గిందులకెల్లే తీసేయాలె. నరేష్ అంటడు, బంగారం తూసినట్టు నీళ్ళు తూస్తున్నవని. నోరు ఎండిపోతె మంచుముక్క చప్పరిస్తున్న. మంచుముక్క గూడ లెక్కనే."

"ఎవరన్న జూస్తున్నరా నువ్వు ఎంత తాగినవో?"

"ఎవరు జూస్తరు? కాళ్ళే చెప్తయి." శీతల్ చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తింది. చీలమండలు ఉబ్బి ఉన్నాయి. "మొన్న పెండ్లిల జరంత ఎక్కువ తాగిన."

నీళ్ళ గ్లాసు తారాబాయి చేతిలోనే ఉండిపోయింది. శీతల్ వెళ్ళిపోయాక ఆ నీళ్ళు తులసి కుండీలో పోసి, నేరుగా గంగాబాయి గదికి వెళ్ళింది. గంగాబాయి మంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"గంగక్కా, ఆయన పాలు నేను తినకుంటె ఏమన్న అయితదా?"

గంగాబాయి కత్తి ఆపింది. "నిన్ను తినమని ఎవరన్నరు?"

"పారెయ్యొద్దంటివి."

"పారెయ్యొద్దన్న. తినమన్ననా? కాకికి వెయ్యమన్న."

"కాకి వస్తలేదు గంగక్కా. నీ దగ్గుకే కద జాలీ కట్టింది."

"కాకి పైకి రాకుంటె నువ్వు కిందికి పో. కాళ్ళు లేవా?" గంగాబాయి ఒలిచిన పాయ గిన్నెలో వేసింది. "అందుకేనా గింత లావైనవు. నేనేమో రంది పడ్డదానికి ఉబ్బినవనుకున్న."

మరునాడు మధ్యాహ్నం తారాబాయి పళ్ళెం ఫోటో ముందు పెట్టి, తన అన్నం తిని, ఆయన పళ్ళెం మీద ఇంకో పళ్ళెం మూతేసి, మెట్లు దిగింది. మోకాళ్ళు నొప్పి పెట్టాయి. ఒక్కో అంతస్తుకు ఆగింది. గల్లీలోకి వచ్చి చూస్తే పెట్టడానికి చోటు లేదు. ఒక పక్క స్కూటర్లు, ఇంకో పక్క గటారు. ఎదురుగా పాత చాల్ కూలగొట్టి కొత్తది కడుతున్నారు; రేకుల గోడ అంచున కూలీలు నీడ చూసుకుని కూర్చున్నారు. ఒక కాకి కరెంటు డబ్బా మీద ఉంది గాని, కిందికి దిగే ఉద్దేశం దానికి లేనట్టుంది. ఆమె పళ్ళెం పట్టుకుని అటూ ఇటూ చూస్తుంటే ఒకతను తెలుగులో పలకరించాడు.

"ఎవరి కోసమక్కా?"

నలభై దాటిన మనిషి. తలకు తువ్వాలు, కాళ్ళకు సిమెంటు. చేతిలో సగం తిన్న వడాపావ్.

"మా ఆయన కోసం."

"యాడున్నడు?"

"పోయిండు."

అతను తువ్వాలు తీసి ఒళ్ళో వేసుకున్నాడు. "కాకికా మరి?"

"కాకికే. వస్తలేదు."

"అది ఇడ్లీబండి కాడ తిని ఉంటదక్కా. దానికి ఆకలెందుకు?" కొంచెం ఆగి, "తప్పు గాకుంటె నాకియ్యి" అన్నాడు.

అతని పేరు మొగులయ్య. పాలమూరు దిక్కు నుంచి వచ్చి సెంట్రింగ్ పని చేస్తున్నాడు. తారాబాయి పళ్ళెం ఇచ్చింది. ఇచ్చాక చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కొంచెం సేపు పట్టింది. అతను వడాపావ్‌ను కాగితంలో చుట్టి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని తినడం మొదలుపెట్టాడు. ఆమె అక్కడే నిలబడింది. శివరాం అన్నాన్ని ముందు కుడివైపుకు జరుపుకునేవాడు. ఇతను మొత్తం ఒక్కసారే కలిపేశాడు. రొట్టెను చివర తిన్నాడు. పళ్ళెంలో మెతుకు మిగల్చలేదు.

"అన్నం మంచిగున్నది. పప్పుల నూనె లేదక్కా. మీ ఇంట్ల ఎవరికన్న పథ్యమా?"

"నాకే."

"నీకు పథ్యమైతె నా నోరెందుకు సప్పగ చేస్తివి?"

పక్కనున్న కూలీలు నవ్వారు. తారాబాయి పళ్ళెం తీసుకుని పైకి వచ్చేసింది. ఆ రాత్రి వంటకు సాయం చేస్తున్న సపనకు జరిగింది చెప్పింది. సపన విని, చాకు కింద పెట్టి, ఫోన్ తీసి మామ పళ్ళెం కింద ఏం రాయాలో తెలియక అత్త వైపు చూసింది.

"అదేం రాయకు" అంది తారాబాయి. "అది ఇంట్లకెల్లి పోయింది."

తర్వాతి రోజు ఆమె ఆయన పళ్ళెంలో పప్పు వేసి, చిన్న గరిటెలో నూనె కాచి, వెల్లుల్లి, ఎండుమిరప వేసి ఆ పప్పు మీద పోసింది. ఆ నూనెను తూచలేదు. ఫోటో ముందు కాసేపు పెట్టి కిందికి తీసుకుపోయింది. మొగులయ్య పళ్ళెం తుడిచి తిన్నాడు. ఆదివారం పని ఉండదు కాబట్టి ఆ రోజు పళ్ళెం గుడి దగ్గర కూర్చునే ముసలామెకు పోయేది. వానలు మొదలయ్యాక తారాబాయి చీర కొంగు పళ్ళెం మీద కప్పుకుని దిగేది. మెట్ల మీద ఆగడం తగ్గింది.

మధ్యాహ్నం ఇంటికి తిరిగొచ్చాక మొదట్లో చేతులకు పని ఉండేది కాదు. ఆకలి కూడా వేసేది, మునుపు ఎరగని ఆకలి. నీళ్ళు తాగి పడుకునేది. నిద్ర రాకపోతే లేచి బియ్యంలో రాళ్ళు ఏరేది. ఒకటి రెండుసార్లు పళ్ళెం తీయకముందే ఏడుపు వచ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, పళ్ళెం తీసింది. ఇవి ఎవరికీ చెప్పలేదు.

వానాకాలంలో ఆసుపత్రి వాళ్ళు చెప్పిన రోజున అందరూ వెళ్ళారు. ప్రథమేశ్ సెలవు పెట్టాడు. శీతల్ ధారావి నుంచి నరేష్‌తో ముందే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంది. బరువు చూసే నర్సు తారాబాయిని చెప్పులు విప్పమంది. ఆమె చెప్పులతో పాటు గొడుగు, చేతిసంచి, మెడలో తాయెత్తు కూడా తీసి సపన చేతికి ఇచ్చింది.

"తాయెత్తు ఎంత ఉంటది అత్తా."

"ఉంటె ఉన్నంత."

అంకె కాసేపు ఊగి నిలిచింది. డెబ్భై నాలుగుకు రెండు వందల గ్రాములు తక్కువ. నర్సు రాసుకుంది. సపన దుకాణంలో లాగే వంగి తన కళ్ళతో మళ్ళీ చూసింది. పెద్ద డాక్టరు కాగితం చూసి ఒక మాట మరాఠీలో, అదే మాట హిందీలో అన్నాడు: ఇక పరీక్షలు మొదలుపెడదాం, అన్నీ బాగుంటే తేదీ చెబుతాను. ఇంకా ఏవి బాగుండాలో పెద్ద చీటీ రాశాడు. గుండె, ఊపిరితిత్తులు, మూత్రం, రక్తం.

రక్తం ఆ పూటే తీస్తామన్నారు. గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, మోచేతి పైన రబ్బరు కట్టారు. రక్తం తీసే అతను ఖాళీ సీసాలను వరుసగా పేర్చుకున్నాడు.

"ఇవన్నీ నాకేనా?" అంది తారాబాయి.

"అన్నీ మీకే ఆజీ. భయమా?"

"తీసుకో."

శీతల్ నెమ్మదిగా లేచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. మొదటి సీసా నిండింది, రెండోది పెట్టారు.

"నొప్పి లేస్తున్నదా అమ్మా?"

"లేదు. నువ్వు పోయి కూసో. నిలబడకు."

శీతల్ వెళ్ళలేదు. తారాబాయి పిడికిలి వదలమన్నప్పుడు వదిలి, బిగించమన్నప్పుడు బిగించింది.